ఈశాన్యం మూల కింద

కొత్త గది కట్టేటప్పుడు మూడు మూలల్లో పునాది లోతుగా తవ్వారు. ఈశాన్యం మూల దగ్గర మాత్రం తవ్వలేదు. అక్కడ పుట్ట ఉంది.

నేను పొదిలి అవతల ఉన్న ఆ ఊరి బడిలో విద్యా వాలంటీరుగా చేరేసరికి గది పూర్తయి, గోడలకు వేసిన సున్నం కూడా ఆరిపోయింది. అది రెండువేల మూడో సంవత్సరం. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు. మా నాన్న ఆదాం పరుపులకు దూది ఏకేవాడు. చేరిన కొత్తలో నాకు పుట్ట సంగతి తెలియదు. పిల్లలు పాత రేకుల షెడ్డులోనే కూర్చునేవారు. దసరా సెలవులయ్యాక కొత్త గదిలోకి మారాలని బడి కమిటీ అనుకుంది.

ఈలోగా మండలం నుంచి పిల్లల సైన్సు పుస్తకాల కట్ట వచ్చింది. అందులో ఒకటి జీవులు కట్టుకునే ఇళ్ళ గురించి. గిజిగాడి గూడు, తేనెపట్టు, కందిరీగ మట్టిగూడు, వాటిని చూసి మనుషులు ఎలాంటి భవనాలు కట్టవచ్చో అన్నీ బొమ్మలతో ఉన్నాయి. మధ్య పేజీలో చెదపుట్టను నిలువునా కోసినట్టు పెద్ద బొమ్మ. బయటికి కనిపించేది కాస్తే. నేల కింద గదులు, నడవలు, గాలి తిరిగే గొట్టాలు. ఎండాకాలం కూడా లోపల చల్లగా ఉంటుందని రాశారు. పిల్లలు ఆ పేజీని వదల్లేదు.

మూడో తరగతి తేజశ్రీ బొమ్మ మీద వేలు పెట్టింది. "టీచర్, మన కొత్త గది కింద ఉండేది ఇదే కదా?"

"ఎవరు చెప్పారు నీకు?"

"మా తాతయ్యే. పలుగు తగలనీయకుండా పాలు పోసి, పసుపు చల్లి, పైన రాళ్ళు పరిపించాడు."

"అయితే ఆ గదిలో మన కింద పాముంటదిరోయ్!" అని బాలు అప్పుడే కాళ్ళు పైకెత్తి కూర్చున్నాడు. పిల్లలంతా నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

గది కట్టిన మేస్త్రీ అల్లాబక్షు ఆ ఊరివాడే. సాయంత్రం వెళ్ళి అడిగాను.

"నన్నేం చేయమంటావమ్మా? పుట్ట తవ్వితే పిల్లలకి దోషం తగులుద్దన్నారు. పోనీ గోడ లోపలికి జరుపుదామంటే, ఈశాన్యం తగ్గితే ఊరికే తగులుద్దన్నారు. ఇక నాకు మిగిలింది దాని మీద కట్టటమే."

"లోపల డొల్ల కదా, మామా?"

"ఎండినన్నాళ్ళు రాయిలాగే ఉంటదిలే," అన్నాడు. తర్వాత నా మొహం చూడలేదు.

వారం తిరక్కుండానే వాన పడింది. గొడుగు వేసుకుని గది వెనక్కి వెళ్ళాను. కప్పు మీది నీళ్ళన్నీ గొట్టంలోంచి ఆ మూలనే పడుతున్నాయి. అంత ధార పడుతున్నా అక్కడ మడుగు కట్టలేదు. నీళ్ళు గోడ కిందికి పోతున్నాయి. గది చుట్టూ తిరిగి చూశాను. అవి ఎటునుంచీ బయటికి రావడం లేదు.

బడి కమిటీ ఛైర్మన్ యలమందయ్య గారు తేజశ్రీకి తాతయ్య. పుస్తకం చీర కొంగు కింద పెట్టుకుని ఆయన ఇంటికి వెళ్ళి, పేజీ తెరిచి చూపించాను.

"పెదనాన్నా, ఆ మూల కింద నేల లేదు. నీళ్ళు దిగి మట్టి కరిగితే గోడ కూర్చుంటది. పిల్లల్ని అందులో పెట్టొద్దు."

ఆయన బొమ్మను చాలాసేపు చూశాడు. "బొమ్మల పుస్తకం తెచ్చి మా పుట్ట సంగతి నాకు చెప్తన్నావా? మీకేం తెలుసమ్మాయ్ ఇయ్యన్నీ?"

ఆ 'మీకు' అన్నది మా దూదేకులవాళ్ళని అని నాకు అర్థమైంది. "మా నాన్న కూడా పుట్ట కనపడితే చెప్పులు విడుస్తాడు పెదనాన్నా. నేను పుట్టని ఏమీ అనటం లేదు, గోడను అంటున్నా."

"నేను చేసింది బిడ్డల కోసమే," అన్నాడు గొంతు తగ్గించి. "గది వద్దంటే ఊరు నన్నడుగుద్ది. నువ్వు పాఠం చెప్పుకో. కట్టుబడి మాకొదిలెయ్."

సెలవులయ్యాక కూడా నేను పిల్లల్ని షెడ్డులోనే కూర్చోబెట్టాను. అప్పుడు ముసురు పట్టింది. రేకుల చిల్లుల్లోంచి నీళ్ళు పుస్తకాల మీద పడుతుంటే యలమందయ్య గారు తాళంచెవి పట్టుకుని వచ్చాడు. ఆయనే కొత్త గది తీసి, పిల్లల్ని చేతులు పట్టి లోపల కూర్చోబెట్టాడు. తను నేరుగా ఈశాన్యం మూలకు పోయి గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు.

"చూడండిరా, మీ టీచరమ్మ గోడ కూలుద్దంటంది. నన్నేమన్నా మింగిందా?"

పిల్లలు పకపకా నవ్వారు. ఆ నవ్వు తగ్గుతుండగా వినిపించింది. గోనెసంచిలోంచి ఇసుక జారుతున్నట్టు, ఆయన కూర్చున్న చోటు కింద, ఆగకుండా ఒక చప్పుడు. ఆయన అరచేతిని నేల మీద ఆనించాడు. మొహంలో నవ్వు పోయింది. గోడను పట్టుకోకుండా మెల్లగా లేచాడు.

"వాన పెద్దదైతంది. ఇళ్ళకి పొండిరా."

"పెదనాన్నా, విన్నారుగా?"

"ఎలకలు," అన్నాడు.

మర్నాడు నేను వెళ్ళేసరికి గది తీసే ఉంది. ఆ మూలన కొత్తగా సిమెంటు పూశారు. కమిటీ వాళ్ళు ఇళ్ళకు కబురు పెట్టారట, పిల్లలు తడిసి వచ్చి అందులోనే కూర్చుని ఉన్నారు. వాన ఆగలేదు.

"తేజశ్రీ ఏదిరా?"

"వాళ్ళ తాతయ్య పంపలేదు టీచర్," అన్నాడు బాలు. "జొరమా అంటే కాదంట. వద్దన్నాడంట, అంతే."

మూలకు చూశాను. రాత్రి పూసిన సిమెంటు మీద అప్పుడే సన్నటి గీత. నేల దగ్గర మొదలై, కిటికీ దాకా పాకింది.

"సంచులు తీసుకోండి. మాట్లాడకుండా బయటికి నడవండి," అన్నాను. ఆఖరి పిల్ల గడప దాటేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను. సంచులు నెత్తిన పెట్టుకుని వీధిలో నడుస్తుంటే తల్లులు వాకిళ్ళలోకి వచ్చారు. కొందరు మా వెంట నడిచారు.

యలమందయ్య గారి వసారాలో తేజశ్రీ ఒక్కతే కూర్చుని ఎక్కాలు రాసుకుంటోంది. పిల్లల్ని దాని పక్కన వరసగా కూర్చోబెట్టాను. ఆయన లోపలి నుంచి వచ్చాడు.

"ఏందమ్మాయ్ ఇది?"

"తేజశ్రీ ఎక్కడ చదువుకుంటే వీళ్ళూ అక్కడే చదువుకుంటారు పెదనాన్నా."

బాలు వాళ్ళమ్మ శివపార్వతి తడి చీరతోనే ముందుకొచ్చింది. "మీ మనవరాల్ని బడికెందుకు పంపలేదు మామా? మావాణ్ణి రమ్మని మాత్రం కబురెట్టారే?"

ఆయన తేజశ్రీ వైపు చూశాడు. శివపార్వతి కదలలేదు. మిగతా తల్లులూ కదలలేదు. ఆయన లోపలికి పోయి చాపలు తెచ్చి, తనే పరిచాడు. తర్వాత వసారా అంచున నిలబడి వానలోంచి బడి వైపు చూశాడు.

"గొడ్డునైనా సరే, అటు పోనియ్యబాకండి," అన్నాడు.