అత్తకి చూపించిన వంటిల్లు

డెల్ఫీనా తడిగుడ్డతో అత్త అరికాళ్ళు తుడుస్తోంది. ఇలోఇలో ఊళ్ళో మనిషి ఆస్పత్రిలో పడితే పక్కన ఇంటి తరఫున ఒక బంతాయ్ ఉండాల్సిందే. మందులు తేవడానికి, ఒళ్ళు తుడవడానికి, డాక్టరు కసిరితే పడడానికి. కన్నకొడుకులు ముగ్గురున్నారు. కాపలా మాత్రం పెద్దకోడలి నెత్తిన పడింది. "నీకింట్లో వేరే పనేముంది?" అన్నాడు మొగుడు రొడెల్. పదకొండు రోజులయింది.

ప్రాణం మీదికొచ్చిన రోగులకు గాభరా తగ్గడానికి ఆ వార్డులో ఒక పెద్ద కళ్ళజోడు పెడతారు. వర్చువల్ రియాలిటీ అంటారు. పెట్టుకుంటే మంచంలో ఉన్న మనిషి చుట్టూ ఇంకో చోటు వచ్చి నిలబడుతుంది. "ఆవిడకిష్టమైన చోటు వీడియో తీసి పంపండి" అంది నర్సు అర్లీన్. కొడుకులు క్షణం ఆలోచించలేదు. "మా అమ్మకి వంటిల్లే లోకం" అని అదే తీసి పంపారు.

కళ్ళజోడు పెట్టగానే ముసలామె ఒళ్ళు బిగుసుకుపోయింది. మిషన్లో గుండె పరుగెత్తింది. సూదులున్న చేత్తో మంచం అంచు పట్టుకుని లేవబోయింది. అర్లీన్ గబగబా తీసేసింది.

డెల్ఫీనా ఫోన్లో సంగతి చెబితే రొడెల్ తేల్చేశాడు. "చూశావా, ఇంటి మీద బెంగ. రేపు మళ్ళీ పెట్టించు."

అత్త ఏదో గొణుగుతుంటే డెల్ఫీనా వంగి చెవి ఒగ్గింది.

"అంట్లన్నీ అట్లాగే ఉన్నాయే," అంటోంది అత్త. "మగాళ్ళొచ్చే వేళయింది. లేవనీ నన్ను."

ఇరవై రెండేళ్ళుగా వింటున్న మాటే. ఇన్నాళ్ళూ తనని దెప్పడమనుకుంది. ఇవాళ ఇంత దగ్గర్నించి వింటే అందులో వణుకు వినపడింది. తను ఆ గడప తొక్కకముందే ఎవరో ఈ మనిషిని బెదరగొట్టి ఉంటారు. ఒకే పొయ్యి దగ్గర ఇద్దరూ ఒకరి వీపు ఒకరు చూసుకుంటూ ఒంటరిగా వండారు. ఆ వీడియోలో పదకొండు రోజుల గిన్నెలు గుట్టపడి ఉంటే, తీసినవాళ్ళ కంటికి అవి ఆననేలేదు.

"తోమేశాను అత్తా," అని అబద్ధమాడింది.

మర్నాడు అర్లీన్‌తో చెప్పింది. "సముద్రం పెట్టమ్మా. మనుషులెవరూ ఉండకూడదు."

రొడెల్ ఫోన్లోనే ఇంతెత్తున లేచాడు. "మా అమ్మకేం కావాలో చెప్పడానికి నువ్వెవతివి?"

"అయితే నువ్వొచ్చి కూచో. నువ్వే చెబుదువుగాని."

డ్యూటీ ఉందన్నాడు రొడెల్.

సముద్రం పెట్టారు. అత్త పిడికిళ్ళు మెల్లగా విచ్చుకుని దుప్పటి మీద వాలాయి. ఆ చేతులు ఖాళీగా ఉండగా డెల్ఫీనా ఎన్నడూ చూడలేదు.

"కళ్ళజోడులో ఆ ఇల్లు ఉంచమంటారా అక్కా, తీసెయ్యమంటారా?" అనడిగింది అర్లీన్.

"తీసెయ్యి."

అన్నాకగానీ తెలీలేదు, తను కూడా మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళబోవడం లేదని.