తూర్పు ముఖం బోటు

కొత్త బోటు ముక్కుకి కట్టిన బంతిపూల దండ నాలుగో నాటికే కుళ్ళిపోయింది. తీసి ఏట్లో పారేద్దామని ఈశ్వరి చెయ్యి చాపితే మొగుడు ధర్మేంద్ర పడనివ్వలేదు. తొమ్మిది రోజులు ఉంచమని పంతులుగారు చెప్పారట. ఆ తొమ్మిది రోజులూ నల్లగా కారుతున్న దండ కిందనుంచే అందరూ ఎక్కాలి, దిగాలి. ఆ కంపుకి ఈశ్వరికి కడుపులో తిప్పేది. ఒక్క దండే అయితే ఎలాగో ఓర్చుకునేది. కట్టుకున్నవాణ్ణి చూసినా అలాగే తిప్పుతోంది, అదీ అసలు సంగతి.

వాళ్ళ ఊరు కళింగపట్నానికి రెండు మైళ్ళు ఎగువన, వంశధార ఒడ్డున ఉంది. ఇళ్ళన్నీ ఈ గట్టున, పొలాల్లో సగం అవతలి గట్టున. వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్తే సగం పూట దారిలోనే పోతుంది. అందుకని ఎనిమిదేళ్ళుగా ఈశ్వరే చిన్న మోటారు పడవలో కూలీలని దాటిస్తోంది. ఎనిమిది మంది పట్టే పడవ అది. వెనక కూర్చుని ఇంజను పిడి అటూ ఇటూ తిప్పుతూ నడపాలి. ధర్మేంద్రకి ట్రాక్టరుంది, సెంటర్లో టీ కొట్టుంది, తెగని కబుర్లున్నాయి. ఏటి మొహం చూసిన పాపాన పోలేదు. పడవ తోలడం ఆడంగి పనని నలుగురిలో నవ్వేవాడు కూడా.

ఆ పడవలో ముందు పలక తవిటమ్మది. పొలం పన్లకి వచ్చే ఆడవాళ్ళలో ఆవిడే పెద్ద. పడవ గట్టుకి తగలబోయే ముందు ఈశ్వరి వెనకనుంచి "అప్పా, కాలెట్టు" అనేది. తవిటమ్మ కాలు చాపి గట్టుకి తన్నిపట్టేది, పడవ మెత్తగా ఆగేది. అలా ఆపడం ఆవిడకి నేర్పింది ఈశ్వరే. ఎనిమిదేళ్ళలో ఆ మాట అననక్కర్లేకుండానే కాలు దానంతటదే లేచే అలవాటైపోయింది.

ఇప్పుడొచ్చింది పెద్ద బోటు. ఇరవై నాలుగు మంది పడతారు. కాకినాడ వైపునుంచి లారీ మీద తెచ్చారు. దీని ఇంజను లోపలెక్కడో ఉంటుంది, ముందు గుండ్రటి స్టీరింగు, పక్కన గేరు రాడ్డు. ఎప్పుడైతే స్టీరింగు వచ్చిందో అప్పుడే అది మగాళ్ళ పనైపోయింది. "ఇది ట్రాక్టరు లాటిదే. నువ్విక ఇంటిపట్టునుండి సుకపడు" అన్నాడు ధర్మేంద్ర, వరమిచ్చినట్టు. చిన్న పడవని బోర్లా తిప్పి గట్టు మీద పడేశారు. పొద్దున్నే ఏటి మీద ఉండే ఆ రెండు గంటలే ఈశ్వరి బతుకులో తనవి. అవి పోయాయని మొగుడికి తెలియలేదు సరికదా, తెలియాలన్న ధ్యాసే లేదు.

బోటు దిగిన రోజున అప్పలనరసింహం పంతులుగారు వచ్చి కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించి, లోపల అమ్మవారి పటం పెట్టించారు. "బోటు ఎక్కడ ఆపినా తూర్పు ముఖంగానే ఆపాలి నాయనా. అమ్మవారు పడమర చూడకూడదు" అన్నారు. ఆయన ఇంటి వాకిలి గురించి చెప్పినట్టే బోటు గురించీ చెప్పారు. ఆయన్ని అనాల్సిన పన్లేదు, జన్మలో ఒక్కసారైనా పడవ కట్టిన మనిషి కాదు.

తోలడం నేర్పడానికి కళింగపట్నం నుంచి గంగులు వచ్చాడు. పడమటి తీరాన వేరావల్ రేవులో పెద్ద బోట్ల మీద పనిచేసే మనిషి, సెలవు మీద ఇంటికొచ్చాడు. రెండే రెండు పొద్దులు నేర్పాడు. ఆ రెండు పొద్దులూ పోటు మీదున్నాయి. అంటే సముద్రం ఎక్కి, నీళ్ళు తూర్పునుంచి ఏట్లోకి ఎదురొస్తున్నాయి. తూర్పు ముఖంగా వస్తే ఎదురు నీరే బోటుని ఆపేది. "నీరే మనకి బ్రేకు బాబూ, ఇంకో బ్రేకు లేదు" అన్నాడు గంగులు. ధర్మేంద్ర వింటే కదా! నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, స్టీరింగు మీద ఒక చెయ్యేసి, రెండో చేత్తో ఫోటో తీసుకుంటున్నాడు. బోటు గట్టుని ముద్దు పెట్టుకున్నట్టు ఆగింది. "సూసేవా పంతులుగారి మాట!" అని కేకేశాడు. గంగులు మూడో నాడు రైలెక్కి వెళ్ళిపోయాడు.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడని, ధర్మేంద్ర రోజూ తెల్లారకముందే బోటెక్కేవాడు. కానీ పోటు రోజూ ఇంచుమించు గంట ఆలస్యంగా వస్తుంది. నాలుగు రోజులు తిరిగేసరికి, పొద్దుట ఎదురొచ్చిన నీళ్ళే సముద్రంలోకి లాగడం మొదలెట్టాయి. ఇప్పుడు తూర్పు ముఖంగా వస్తే నీరు వెనకనుంచి తోసేది. ధర్మేంద్ర ట్రాక్టరు ఆపినట్టు గట్టుదాకా వచ్చి కాలితో బ్రేకు వెతికేవాడు. బ్రేకెక్కడుంది, వాడి బొంద! ఆఖర్న రివర్సు గేరు వేస్తే బోటు తోక పక్కకి తిరిగి గట్టుని గుద్దేది. గట్టుకి కట్టిన పాత టైర్లు రెండు తెగిపోయాయి. బోటు పక్క పలక చీలింది. పొగకి కళ్ళు మండేవి. ధర్మేంద్ర ఖైనీ ఉమ్మి, ఇంజనుని తిట్టేవాడు, గంగుల్ని తిట్టేవాడు, తాడు పట్టడానికని మళ్ళీ రమ్మన్న ఈశ్వరిని తిట్టేవాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తప్పు తనది తప్ప లోకంలో అందరిదీ.

సాయంత్రం పూట మళ్ళీ పోటు వచ్చేది, బోటు బుద్ధిగా ఆగేది. "అదిగో సెయ్యి తిరిగిపోయింది!" అని చంకలు గుద్దుకునేవాడు. పొద్దుటికి మళ్ళీ మామూలే. ఎందుకలా అవుతోందని ఒక్కసారైనా నీళ్ళకేసి చూశాడా? లేదు.

ఈశ్వరికి రెండో గుద్దుకే అర్థమైపోయింది. ఎనిమిదేళ్ళూ తను చేసింది అదే: నీళ్ళు ఎటు పోతుంటే దానికి ఎదురు తిప్పి గట్టు పట్టడం. పొద్దుట పడమర ముఖం పెట్టి వస్తే చాలు. ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ మాట ఎత్తింది.

"బావా, నీళ్ళు ఎటు పోతన్నాయో సూసి తిప్పితే..."

"నువ్వు పులుసు సంగతి సూడు. ఉప్పు లేదు" అన్నాడు ధర్మేంద్ర, కంచంలోంచి తలెత్తకుండా.

పులుసులో ఉప్పుంది. ఈశ్వరి మళ్ళీ రుచి చూసింది, సరిగ్గానే ఉంది. ఆ క్షణాన ఆమెకి పుట్టిన రోత అంతా ఇంతా కాదు. వేళ్ళు నాకుతున్న ఆ నోటిని, గెడ్డానికి అంటుకున్న మెతుకుని, పక్కన పెట్టుకున్న నల్ల కళ్ళద్దాల్ని చూడలేక మొహం తిప్పుకుంది. గుద్దుకో, బాగా గుద్దుకో, అనుకుంది. గురువారంనుంచి పెసర కోతలు. ఆడవాళ్ళందరినీ ఈ బోటులోనే దాటించాలి. అప్పటికి నీ వల్ల కాక, నువ్వే వచ్చి నా చేతికి స్టీరింగు ఇవ్వాలి.

అంతే, నోరు కుట్టేసుకుంది. బోటు గుద్దినప్పుడల్లా లోపల చల్లగా ఉండేది. ఒకరి తప్పు కోసం అంత ఆశగా కాచుకుని కూర్చోగలనని ఆమె అంతకుముందు ఎప్పుడూ అనుకోలేదు.

బుధవారం పొద్దుట వరసగా నాలుగుసార్లు గుద్దాడు. నాలుగోసారి స్టీరింగుకి గెడ్డం తగిలి చిట్లింది. ధర్మేంద్ర ఇంజను ఆపేసి, గట్టు మీద చతికిలబడ్డాడు. గెడ్డం మీది రక్తం తుడుచుకున్నాడు. తర్వాత అటు తిరిగే అడిగాడు.

"ఏటే, నీకేటైనా తెలుస్తోందా? ఎక్కడ తప్పు పోతన్నాను?"

పదేళ్ళ కాపురంలో మొగుడు ఆమెని ఇలా అడగడం అదే మొదటిసారి. ఈశ్వరి తాడు చుట్ట చుడుతోంది. ఒక్క మాట చాలు: పడమర తిప్పు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"నాకేటి తెలుస్తాది? నాకు పులుసులో ఉప్పెయ్యడం కూడా తెల్దు కదా" అంది.

ధర్మేంద్ర లేచి మళ్ళీ బోటెక్కాడు.

గురువారం ఏడింటికి పద్దెనిమిది మంది ఆడవాళ్ళు కేరియర్లూ కొడవళ్ళూ పట్టుకుని ఎక్కారు. ఒడ్డున తడి గుర్తు కిందికి దిగుతోంది, నీళ్ళు గట్టిగా సముద్రంలోకి లాగుతున్నాయి. ఈశ్వరి తాడు పట్టుకుని వెనక నిలబడింది. అవతలి గట్టు దగ్గరపడింది. ధర్మేంద్ర బోటుని తూర్పు ముఖానికి తిప్పాడు, వెనకనుంచి నీరు తోసింది. ఈశ్వరి మొగుడి మెడకేసే చూస్తోంది. చెమట కారుతున్న ఆ మెడ, పైకి లేచిన ఆ భుజాలు. ఇప్పుడు గుద్దుతాడు, పద్దెనిమిది మంది ముందు గుద్దుతాడు, అనుకుంటూ చూస్తోంది.

అందుకే తవిటమ్మ లేవడం ఆమె కంట పడలేదు. కంట పడకపోవడం కాదు, పడింది. ముందు బల్ల మీంచి లేచి, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, ఆవిడ ముక్కు దగ్గరికి జరగడం కనిపించింది. అలవాటే కదా అనిపించింది. ఇది టన్నుల బరువున్న బోటని తట్టేసరికి కాలు చాపడం అయిపోయింది.

ఎండు కొమ్మ విరిగినట్టు చప్పుడైంది. తర్వాత తవిటమ్మ కేక.

అందరూ ఒక్కసారి ముందుకి వచ్చారు. చీలమండ కింద పాదం పక్కకి తిరిగిపోయి ఉంది. గట్టు సిమెంటు మీద రక్తం, దాని మీద ఊడిపడ్డ కుళ్ళు దండ. ధర్మేంద్ర కళ్ళద్దాలు తీసి అరిచాడు.

"కాలెట్టమని నీకెవులు సెప్పేరే? బుద్ధి లేదా? బోటుకి కాలడ్డం పెడతారా ఎవులైనా?"

ఆ మాటకి ఈశ్వరికి ఒళ్ళంతా కంపరమెత్తింది. ఒక్క తోపు తోసింది, ధర్మేంద్ర పక్కకి పడ్డాడు. స్టీరింగు పట్టుకుంది. ఆడవాళ్ళు నలుగురు తవిటమ్మని పడుకోబెట్టి పట్టుకున్నారు. బోటు ఏరు దాటింది. ఈవలి గట్టు దగ్గర ఈశ్వరి ముక్కుని పడమరకి తిప్పింది, నీటికి ఎదురుగా. ఇంజను తగ్గించింది. ఎదురు నీరు బోటుని పట్టి ఆపింది. కుదుపు కూడా లేకుండా పక్కంతా గట్టుకి ఆనుకుంది. పెద్ద బోటు స్టీరింగు పట్టడం ఆమెకి అదే మొదలు.

"మా తల్లే! ముందే నువ్వు పట్టుంటే ఎంత బాగుండును!" అన్నారు ఆడవాళ్ళు.

ధర్మేంద్ర నోరు తెరుచుకుని పడమరకేసి, నీళ్ళకేసి, పెళ్ళాంకేసి చూశాడు. ఇంజను తాళం తీసి ఆమె చేతిలో పెట్టాడు. "రేపట్నుంచి నువ్వే తోలే. నావల్ల కాదు" అన్నాడు.

కావాలనుకున్నది కావాలనుకున్నట్టే చేతికొచ్చింది. జిడ్డుగా, మొగుడి చెమటతో తడిసి ఉందా తాళం. ఈశ్వరి దాన్ని చీర కొంగుకి తుడిచింది, మళ్ళీ తుడిచింది. జిడ్డు పోయాక కూడా తుడుస్తూనే ఉంది.

ఆటోలో శ్రీకాకుళం పెద్దాసుపత్రికి బయల్దేరారు. ధర్మేంద్ర ముందు డ్రైవరు పక్కన కూర్చున్నాడు. వెనక తవిటమ్మ సీటు కమ్మీకి ఆనుకుని, తువ్వాళ్ళు చుట్టిన కాలు ఈశ్వరి ఒళ్ళో పెట్టుకుంది. ప్రతి గతుక్కీ ఈశ్వరి ఆ కాలిని రెండు చేతులా పైకి ఎత్తి పట్టుకుంటోంది. రక్తం ఆమె చీరలోకి ఇంకింది.

"ఏడవకమ్మా" అంది తవిటమ్మ, పళ్ళ మధ్యనుంచి. "నీ సేతిలో ఉంటే నాకిలా అయ్యేది కాదు. నీ సేతిలో ఎనిమిదేళ్ళు నాకు గోరైనా సిట్లనేదు. నీ అంత మంచి మనిసి..."

"అప్పా, ఆపు" అంది ఈశ్వరి. ఆ పొగడ్త వింటుంటే కుళ్ళు దండ కంపు తన ఒంటినుంచే వస్తున్నట్టుంది. "నాకు తెలుసు. ఎలా తిప్పాలో నాకు నాలుగు రోజుల్నుంచీ తెలుసు. నిన్న ఆడు అడిగేడు కూడాను. సెప్పలేదు. ఆడు పదిమందిలో ఓడిపోవాలని, స్టీరింగు నా సేతికి రావాలని, కావాలనే సెప్పలేదు."

ముందు సీట్లో ధర్మేంద్ర తల సగం వెనక్కి తిరిగి ఆగిపోయింది. తవిటమ్మ ఈశ్వరి మొహంలోకి చూసింది. కోపమేమీ లేదు ఆ చూపులో, ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు ఉంది.

"ముందు ఎవులు కూకుంటారో కూడా తెలుసు కదమ్మా?" అంది.

"తెలుసు."

తవిటమ్మ కమ్మీ పట్టుకుని నడుం నిటారుగా చేసుకుంది. వంగి, రెండు చేతులా తన కాలు తనే పట్టుకుని, నొప్పికి మూలుగుతూనే, ఈశ్వరి ఒళ్ళోంచి తీసి కింద పెట్టుకుంది.