పెద్దాయన మెచ్చిన తొట్టి

నేను ఒక గాజుతొట్టిని. ‘పెద్దాయన మెచ్చిన తొట్టి’ అని నాకు బోర్డు కూడా తగిలించారు. అది చదివి మీరూ నన్ను మెచ్చుకోబోతే కాస్త ఆగండి. ఆ మెప్పు తలుచుకుంటేనే నాకు ఒళ్లు మండిపోతుంది.

కాకినాడలో ఒక అద్దాల దుకాణంలో పుట్టాను. అక్కడి నుంచి ఒక హోటలువాళ్లు తీసుకెళ్లి నాలో బతికున్న కొర్రమీనుల్ని వదిలారు. పిల్లలు నా గాజుకు ముక్కు ఆనించి “ఎంత ముద్దుగా ఉందో” అనేవారు. కాసేపటికి దాన్నే పులుసులోంచి తీసి, ముళ్లు ఏరుకుని తినేవారు. మనుషుల ముద్దు ఎలాంటిదో నాకు అక్కడే తెలిసింది. హోటలు మూతపడ్డాక సుభాషిణి నన్ను కొనుక్కుంది.

సుభాషిణి చేపపిల్లల్ని పెంచి చెరువులవాళ్లకు అమ్ముతుంది. వాళ్ల ఊరి కూరగాయల మార్కెట్ వెనక, కుళ్లిన టమాటాలూ క్యాబేజీ ఆకులూ వేసి గ్యాస్ తీసే ప్లాంటు ఉంది. గ్యాస్ పోగా మిగిలే నల్లటి నీళ్లను కాలవలోకి వదిలేసేవారు. ఆ నీళ్లలో బోలెడు ఎరువు ఉందనీ, పారబొయ్యడం పాపమనీ చెప్పి, మార్కెట్ కార్యదర్శి విశ్వనాథంగారిని ఒప్పించి, ప్లాంటు పక్క షెడ్డులో నన్ను పెట్టింది. నల్లనీళ్లను గుడ్డతో వడగట్టి, మంచినీళ్లు బాగా కలిపి నాలో పోసింది. అందులో గ్లాసుడు నాచునీళ్లు వదిలింది. విడిగా చూస్తే కంటికి ఆనని నాచు అది. ఎండ తగులుతూ, గాలిగొట్టం బుడబుడలాడుతూ ఉంటే, కొన్నాళ్లకు గోంగూర రుబ్బి పోసినట్టు చిక్కగా పచ్చబడ్డాను. ఆ పచ్చనీళ్లు పక్క తొట్టెల్లోని సన్నటి పురుగులకు మేత. ఆ పురుగులు చేపపిల్లలకు మేత. పారబోసే నీళ్లతో అన్ని ప్రాణాలు నిలుస్తుంటే గర్వంగా ఉండదా చెప్పండి?

ఈ సంగతి పేపర్లో పడింది. ఎవరో పెద్దాయన చూడ్డానికి వస్తున్నారని కబురొచ్చింది.

మన దగ్గర పెద్దవాళ్లు వస్తున్నారంటే వాళ్లకంటే ముందు బ్లీచింగ్ పౌడర్ వస్తుంది. దారికి రెండువైపులా ముగ్గు వేసినట్టు చల్లారు. విశ్వనాథంగారు షెడ్డులోకి వచ్చి, నన్ను చూసి మొహం చిట్లించారు.

“ఏంటమ్మా ఈ పాచి? పెద్దాయన ముందు పరువు పోద్ది.”

“ఆయన చూడ్డానికొచ్చేదే ఈ పాచినండీ బాబూ! దీని జోలికి రాకండి. తొట్టెల్లో పిల్లలు మొన్ననే గుడ్లలోంచి బయటికొచ్చాయి. ఈ నీళ్లు పోతే వాటికి మేతుండదండి.”

“సర్లేమ్మా, నాకు తెలీదేంటి?”

ఆ మాట నమ్మి, చీర మార్చుకుని రావడానికి సుభాషిణి ఇంటికి వెళ్లింది. ఆమె అలా మలుపు తిరిగిందో లేదో, ఆయన తన చేత్తోనే డబ్బాడు పౌడర్ నాలో కుమ్మరించారు. నాకు నోరుంటే బూతులు తిట్టేదాన్ని. పచ్చదనమంతా పాలిపోయి అడుగుకు దిగిపోయింది. నన్ను తోమి, కడిగి, కుళాయినీళ్లు నింపారు.

పెద్దాయన వచ్చి నాలోకి తొంగి చూశారు.

“ఇందులో నాచుందా? ఎక్కడయ్యా, ఏం కనపళ్లేదే!”

“అది కంటికి కనపడనంత సన్నం సార్,” అన్నారు విశ్వనాథంగారు తడుముకోకుండా.

“అద్భుతం! ఎంత శుభ్రంగా పెంచుతున్నారు!”

అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడే వచ్చిన సుభాషిణి నన్ను చూసి కొయ్యబారిపోయింది. “నా పిల్లలేం తింటాయండీ?” అని అడుగుతూనే ఉంది. ఆ మాట ఎవరికీ వినబడలేదు. ఆమె భుజాల మీద శాలువా కప్పి ఫొటో దిగారు.

పచ్చనీళ్ల కోసం ఆమె ఊరూరూ తిరిగింది. దొరికే లోపే చేపపిల్లలు తెల్లగా తేలిపోయాయి. ఆ శాలువాతోనే వాటిని ఎత్తి బయట పారబోసింది. షెడ్డు వదిలి వెళ్లిపోతూ నన్ను తీసుకెళ్తానంది. పెద్దాయన మెచ్చిన తొట్టిని ఇవ్వడం కుదరదన్నారు విశ్వనాథంగారు.

ఇప్పుడు వారం వారం నాలో పౌడర్ వేసి తోముతున్నారు. అయినా బోర్డు వెనక, పీచు అందని మూలలో, గోరంత పచ్చదనం మళ్లీ పట్టింది. దాన్ని చూసుకుని మురిసిపోయే లోపే, ఇంకో పెద్దాయన వస్తున్నారని కబురొచ్చింది. పౌడర్ బస్తా గుమ్మంలోకి వచ్చేసింది.

అయ్యా పెద్దవాళ్లూ, ఎక్కడైనా ఏదైనా పచ్చగా బతుకుతోందని విని చూడాలనిపిస్తే రండి, కాదనను. కానీ మీకు పుణ్యముంటుంది, వస్తున్నట్టు మాత్రం ముందుగా ఎవరికీ చెప్పకండి.