రెండు వేళ్ళ వదులు

మా తమ్ముడు మిలటరీ ఆఫీసరు కావాలని వాడికంటే, మా నాన్నకంటే ఎక్కువగా కోరుకున్నదాన్ని నేను. దేశభక్తి పొంగిపొర్లి కోరుకున్నానని ఎవరూ పొరబడకండి. వాడు వెళ్తేనే కొట్టు నాదవుతుంది, అంతే.

మాది దర్జీ కొట్టు. కింద కొట్టు, పైన ఇల్లు. బోర్డు మీద ఉండేది నాన్న పేరు, కత్తెర ఉండేది నా చేతిలో. కళ్ళద్దాలు పెట్టుకుంటే నాన్నకి టేపు మీది అంకెలు కనిపిస్తాయిగానీ, సూది బెజ్జం కనిపించడం మానేసి చాలా కాలమైంది. అయినా కొలతలు మాత్రం ఆయనే తీస్తాడు. కొలత తీసేవాడే యజమాని అని ఆయన లెక్క. తీసి, నా చేత రాయించి, పేపరు చదువుతున్నట్టు కుర్చీలో కూర్చుంటాడు. కత్తిరించడం, కుట్టడం, కాజాలు, ఇస్త్రీ, ఆలస్యమైందని వచ్చినవాళ్ళ చేత చీవాట్లు తినడం నా వాటాకి వచ్చాయి.

పని నేర్పింది కూడా ఆయనే, కాదనను. నా చేతికి టేపు ఇచ్చిన మొదటి రోజే చెప్పాడు. "టేపు కింద ఎప్పుడూ రెండు వేళ్ళు పెట్టాలమ్మా. మనిషన్నాక తింటాడు, వంగుతాడు, నవ్వుతాడు. ఆ మాత్రం వదులు మనమే ఇవ్వాలి." ఆ రోజు నుంచి, ఆయన కొట్టులో లేనప్పుడు ఎవరి ఛాతీ చుట్టూ టేపు తిప్పినా నా వేళ్ళు రెండూ వాటంతటవే కిందకి దూరతాయి. మా ఇంట్లో అది ఊపిరి తీసుకోవడం లాంటి అలవాటు.

తమ్ముడు మిలటరీ అకాడమీకి దరఖాస్తు పెట్టిన రోజు, అందరం అన్నాల దగ్గరుండగా నాన్న తీర్పు చెప్పాడు.

"వీడికి సీటొస్తే కొట్టు నీదేనమ్మా. రాకపోతే మాత్రం వాడికి ఇచ్చేస్తా. వాడికీ ఒక ఆధారం ఉండాలి కదా."

"మరి నాకు ఆధారం?" అన్నాను.

"నీకు పనొచ్చు కదే," అంది అమ్మ.

పని రావడం ఇంత పెద్ద నేరమని నాకు అప్పుడే తెలిసింది.

ఆ మర్నాటి నుంచి నేను హవల్దారునయ్యాను. పొద్దున్నే దుప్పటి లాగి వాణ్ణి రోడ్డు మీదికి తోలేదాన్ని. గుడ్లు ఉడకబెట్టి, పక్కన కూర్చుని తినిపించేదాన్ని. మిషను తొక్కుతూ లెక్కలు అప్పజెప్పించుకునేదాన్ని. మా మావయ్య వాడికి 'కల్నల్' అని పేరు పెట్టాడు. మావయ్యంటే అమ్మ తమ్ముడు, రైళ్ళలో టికెట్లు తనిఖీ చేసి రిటైరైనవాడు. నల్లకోటు ఒంటి మీద నుంచి దిగిపోయాక ఇంకెవరి ఒంటి మీదైనా యూనిఫాం చూస్తే తప్ప ఆయనకి అన్నం సయించదు. రోజూ సాయంత్రం వచ్చి, కొట్టు గుమ్మంలో నిలబడి కల్నల్‌కి సెల్యూట్ కొట్టి, టీ తాగి వెళ్ళేవాడు. కల్నల్ కూడా మునగచెట్టు ఎక్కి కూర్చున్నాడు. మంచినీళ్ళ గ్లాసు కూడా తనంతట తాను తెచ్చుకోవడం మానేశాడు.

రాతపరీక్ష పాసయ్యాడు. అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది వాడే. ఇంటర్వ్యూ కూడా గట్టెక్కాడు. ఇక మిగిలింది వైద్యపరీక్ష. అందులో ఛాతీకి ఒక కొలత ఉంది, అంతకి తగ్గితే ఇంటికి పంపేస్తారు.

"కొలతల సంగతి నాకొదిలెయ్యండి," అన్నాడు నాన్న.

నిజానికి నేను హవల్దారునైన మొదటి వారమే ఆయన కల్నల్‌ని కొట్టులో అద్దం ముందు నిలబెట్టి, టేపు తిప్పి, కళ్ళద్దాలు సర్దుకుని చూసి, సరిగ్గా సరిపోయిందని ప్రకటించేశాడు. నేను అప్పుడు వాడి చేత దండీలు తీయిస్తున్నాను.

"ఛాతీ సరిపోయాక ఇంకా ఈ దండీలెందుకే? ఆ టైములో లెక్కలు చేసుకోనీ," అన్నాడు.

పుట్టి బుద్ధెరిగాక మా తమ్ముడు నాన్న మాట అంత వెంటనే విన్నది అదొక్కసారే. దండీలు ఆ పూటే ఆగిపోయాయి. లెక్కలు మొదలైన దాఖలా లేదు. ఆ తర్వాత ప్రతి ఆదివారం నాన్న టేపు తిప్పడం, సరిపోయిందనడం, కల్నల్ వెళ్ళి మళ్ళీ పడుకోవడం.

వైద్యపరీక్షకి వెళ్ళొచ్చాడు. అమ్మ మెట్ల మీదే ఎదురెళ్ళింది.

"ఏమన్నార్రా?"

"ఏమీ అనలేదమ్మా. కొలిచారు, రాసుకున్నారు, పొమ్మన్నారు. ఫలితాలు వెబ్‌సైట్‌లో పెడతారంట."

వెబ్‌సైట్ తెరిస్తే 'త్వరలో' అని ఉంది. త్వరలో అంటే ఎప్పుడో రాసినవాడికైనా తెలుసో లేదో. పొద్దున తెరిస్తే త్వరలో, మధ్యాహ్నం తెరిస్తే త్వరలో, నాలుగు వారాల తర్వాత తెరిచినా త్వరలోనే. మా కొట్టుకి వచ్చేవాళ్ళకి నేను అదే మాట చెబితే మాత్రం కొట్టడానికొస్తారు.

ఈలోగా ఇల్లు సైనిక శిబిరమైపోయింది. భోజనానికి గంట కొట్టడం మొదలైంది. నాన్న కుర్చీలోంచి లేచేటప్పుడు కూడా భుజాలు విరుచుకుని లేచేవాడు. అంతటితో ఊరుకోకుండా మంచి ఖాకీ గుడ్డ తెచ్చి, భుజాల మీద పట్టీలతో సహా కల్నల్‌కి యూనిఫాం కుట్టడానికి కూర్చున్నాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. "అక్కడ వాళ్ళే ఇస్తారు నాన్నా," అంటే, "వాళ్ళు కుట్టేదేంటి, నా కొడుక్కి నేను కుట్టకపోతే?" అన్నాడు. సూదిలో దారం నేనెక్కించి ఇస్తుంటే ఒక్కో కుట్టూ తడుముకుంటూ చేత్తో వేసుకున్నాడు. ఆ మాట కూడా చెప్పాలి, ఆయన్ని అలా చూస్తుంటే నా కోపం కాసేపు ఎటో పోయేది.

మళ్ళీ వచ్చేది. సెక్యూరిటీ కంపెనీవాళ్ళు కాపలావాళ్ళ బట్టలకి పెద్ద ఆర్డరు పట్టుకొస్తే, "ఆఫీసరు తండ్రి వాచ్‌మన్లకి కుడతాడా?" అని వెనక్కి పంపించాడు. నేను వీధి చివరిదాకా పరిగెత్తి ఆ ఆర్డరు తీసుకున్నాను. ఆఫీసరు అక్క కుడుతుంది మరి, తినాలి కదా.

అమ్మ బెంగ వేరు. "అక్కడ కప్పుకోవడానికి దుప్పటి ఇస్తారంటావా?" అని వచ్చిన ప్రతి ఒక్కరినీ అడిగేది. యుద్ధం సంగతి ఒక్కసారీ అడగలేదు.

ఎదురుగా గుండీలు, దారాలు అమ్మే ఆవిడ ఉంది. ఓ రోజు దారపు ఉండలు పొట్లం కడుతూ అంది. "సీటొచ్చినా రాకపోయినా, నా వసారాలో ఓ మిషను పట్టే జాగా ఉందమ్మాయ్. గుర్తుపెట్టుకో."

"నాకు మా కొట్టుందిగా పిన్నీ," అని నవ్వేశాను.

ఒక మధ్యాహ్నం ఫలితాలు వచ్చాయి. కల్నల్ ఫోను చూస్తూ మెట్లు దిగి వచ్చాడు. మావయ్య టీ తాగుతున్నాడు, అమ్మ గుండీలు కుడుతోంది.

"రాలేదు," అన్నాడు వాడు. "పక్కన కారణం కూడా రాశారు. ఛాతీ కొలత తక్కువంట."

కొట్టు చేజారిందనుకున్నాను. అయినా సర్దుకున్నాను, ఎందుకంటే నా దగ్గర ఒక ఉపన్యాసం సిద్ధంగా ఉంది. బద్ధకంతో సీటు పోగొట్టుకున్నవాడు కొట్టు మాత్రం ఏం నిలబెడతాడు, ఇన్నేళ్ళూ మిషను తొక్కిన కాళ్ళు ఎవరివి, అని మొదలుపెట్టి అడుగుదామని రోజూ ఇస్త్రీ చేస్తూ మనసులో చదువుకున్నదే. నోరు తెరిచేలోపు నాన్న లేచాడు.

"ఛాతీ తక్కువా? ఈ టేపుతో ఊరందరినీ కొలిచాను. ఇంతవరకు ఒక్కడూ వేలెత్తి చూపలేదు. రారా ఇలా. బావమరిదీ, నువ్వు సాక్ష్యం."

కల్నల్‌ని అద్దం ముందు నిలబెట్టి టేపు తిప్పాడు. మావయ్య వంగి అంకె చదివాడు. "ఇదిగో, సరిగ్గా ఉంది బావా. కేసు వేద్దాం. వదలకూడదు వీళ్ళని."

నేను అంకె చూడలేదు. టేపు చూశాను. టేపు కింద, తమ్ముడి చొక్కాకి ఆనుకుని, మా నాన్న చూపుడువేలు, మధ్యవేలు కుదురుగా ఉన్నాయి.

"నాన్నా, వేళ్ళు తియ్యి," అన్నాను.

"ఏ వేళ్ళు?"

"టేపు కింద ఉన్నవి. డాక్టర్లు వదులు పెట్టరు నాన్నా. వాళ్ళు చొక్కా కుట్టడానికి కొలవలేదు."

ఆయన తల దించి తన చేతినే చూసుకున్నాడు. మెల్లగా వేళ్ళు బయటికి తీసి, టేపు మళ్ళీ బిగించాడు. మావయ్య ఈసారి అంకె పైకి చదవలేదు. కేసు ఊసు కూడా ఎత్తలేదు.

ఇన్ని ఆదివారాలు ఆ వేళ్ళు నా కళ్ళెదురుగానే ఉన్నాయి. నాకూ కనపడలేదు, ఎందుకంటే నా వేళ్ళూ అక్కడే ఉంటాయి. ఇప్పుడు కనిపెట్టినందుకు ఒక్క క్షణం గర్వపడ్డాను. మా ఇంట్లో తెలివి చూపిస్తే ఏమవుతుందో తెలిసి కూడా గర్వపడ్డాను.

నాన్న కుర్చీలో కూలబడ్డాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"వాడి తప్పేం లేదు. దండీలు తీస్తుంటే ఆపింది నేను. చాలు చాలని పడుకోబెట్టింది నేను. నా బిడ్డ బతుకు నా చేతుల్తో పాడుచేశాను. ఇంక ఎవరూ ఏం మాట్లాడొద్దు. రేపట్నించి కొట్టు వాడిది. కొలతలు కూడా వాడే తీస్తాడు."

అమ్మ కళ్ళొత్తుకుంది. నా ఉపన్యాసం నా దగ్గరే ఉండిపోయింది. కల్నల్ బద్ధకం మీద పోట్లాడగలనుగానీ, నాన్న పశ్చాత్తాపంతో ఏం పెట్టుకుని పోట్లాడను? తప్పు ఆయనది, శిక్ష నాది, కొట్టు వాడిది. పోనీ వాడు అడిగాడా అంటే అదీ లేదు. మా ఇంట్లో అడిగినవాళ్ళకి మాటలు, అడగనివాళ్ళకి కొట్లు.

"నువ్వు పక్కనుండి వాడికి పని నేర్పమ్మా," అన్నాడు నాన్న నాతో. "నీకైతే అన్నీ తెలుసు."

మర్నాడు పొద్దున, బోణీ తనదే కావాలని మావయ్య చొక్కా గుడ్డ పట్టుకొచ్చాడు. కల్నల్ టేపు మెళ్ళో వేసుకుని, యూనిఫాం కోసం విరవడం నేర్చుకున్న భుజాలు విరిచాడు. మావయ్య చేతులెత్తి నిలబడ్డాడు. టేపు ఆయన బొజ్జ దాటి ఛాతీ చుట్టూ తిరిగి వచ్చి ఆగింది.

"అక్కా, వేళ్ళు పెట్టాలా, వద్దా?"

అందరూ నావైపే చూశారు. నాన్న కూడా చూశాడు. వద్దంటే చాలు, ఆ చొక్కా తొడుక్కుని మావయ్య కూర్చోగానే గుండీలన్నీ ఎగిరి అవతల పడతాయి. అందామనే అనిపించింది, అబద్ధమెందుకు. కానీ గుడ్డ ఏం పాపం చేసింది?

"నాన్నని అడుగు. కొట్టు ఇచ్చింది ఆయనేగా," అన్నాను.

బల్ల మీది కత్తెర తీసుకున్నాను. అది నా కుట్టుకూలితో కొనుక్కున్నది. గుడ్డముక్కలో చుట్టి చంకలో పెట్టుకుని గుమ్మం వైపు నడిచాను.

"ఎక్కడికే?" అన్నాడు నాన్న.

"ఎదురుకొట్టు వసారాలోకి. ఫలితాలొచ్చేశాయిగా నాన్నా. నేనూ ఎంపిక కాలేదు. ఇంకా ఇక్కడ నిలబడి ఏం చూడాలి?"

అమ్మ నన్ను పేరు పెట్టి పిలిచింది. ఆగలేదు. ఆగితే ఏడుస్తానని తెలుసు, వాళ్ళ ముందు ఏడవడం నాకిష్టం లేదు. రోడ్డు దాటుతుంటే వెనక నుంచి తమ్ముడి గొంతు వినిపించింది.

"నాన్నా, వేళ్ళు పెట్టాలా?"

నాన్న జవాబు వినపడలేదు. గుండీల కొట్టు మెట్టెక్కి వెనక్కి తిరిగి చూస్తే, మావయ్య ఇంకా చేతులెత్తి, ఊపిరి బిగబట్టి అలాగే నిలబడి ఉన్నాడు.