ఆమేన్ బ్రేకు

ఝాన్సీ పులిహోరలో చింతపండు గుజ్జు కలుపుతుంటే భర్త గిడియోన్ వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. చేతుల నిండా గ్రీజు, ముఖం నిండా చిరాకు.

"బండి కదుల్తలేదు. ఎనుక చక్రాలు రెండూ పట్టేసినయ్. మేడ్చల్ మెకానిక్ సోమారం దాక రాడంట. ఇగ మెదక్ ముచ్చట ఇడ్సిపెట్టు."

ఎంత తేలిగ్గా అనేశాడు ఆ మాట. చర్చి సంఘంలోని ఆడవాళ్లు ఎనిమిదిమంది మెదక్ వెళ్లి, అక్కడి పెద్ద చర్చి చూసి, ఒక రాత్రి అక్కడే ఉండి రావాలనుకున్నారు. ఆ ఒక్క రాత్రి కోసం ఒక్కొక్కరూ ఇంట్లో ఎన్ని రోజులు బతిమాలుకున్నారో ఝాన్సీకి తెలుసు. రెబెక్కా అయితే మామగారికి రెండు పూటలకు సరిపడా వండి, ఏ గిన్నెలో ఏముందో చెప్పి మరీ బయల్దేరింది. ఇప్పుడు ఆగిపోతే మళ్లీ ఎవరి ఇంట్లోనూ ఒప్పుకోరు. "పోయినసారి ఏమైందో సూసినం గదా" అంటారు.

ఆ బండి ఝాన్సీ మామగారు జయరాజు తెచ్చినది. పాత మినీ బస్సు కొని, సగం సీట్లు పీకించి, రెండు బల్లమంచాలు, ఒక స్టవ్, ఒక సింకు పెట్టించి, సువార్త సభలకని క్యారవాన్‌గా మార్చారు. ఆయన పోయాక అది గిడియోన్ చేతికి వచ్చింది. ఊరూరా సభలు జరిగే రోజుల్లో మగవాళ్లు ముందు కూర్చుని పాటలు కూర్చుకునేవారు, ఝాన్సీ అత్తగారితో పాటు వెనక స్టవ్ పట్టుకుని కూర్చునేది. బండి గుంతలో పడినప్పుడల్లా పప్పు ఒలికి చెయ్యి కాలేది. వాక్యం చెప్పినాయనకు శాలువా కప్పేవారు. వండినామెకు మాత్రం "ఉప్పు జర ఎక్కువైంది సిస్టర్" అని ఓ మాట దక్కేది.

సభలన్నీ అయిపోయాక వాళ్లకొక ఆచారం ఉంది. బండిని పైనుంచి కింది దాకా కడిగి, దేవుడికి అప్పగించి, మళ్లీ సభలు వచ్చేదాకా షెడ్డులో పెడతారు. కడిగేది ఝాన్సీ. అందరూ బండి మీద చేతులుంచి ప్రార్థన చేస్తారు. చివర్లో "ఆమేన్" అనగానే గిడియోన్ హ్యాండ్ బ్రేకును తన బలమంతా పెట్టి లాగుతాడు. ఆ తర్వాత బండిని కదిలించకూడదు. పోయిన వానాకాలం ముందు ఝాన్సీ ఉండబట్టలేక అందరి ముందూ చెప్పింది, తడి బండి ఒక రౌండు తిప్పి ఆరబెట్టండి, హ్యాండ్ బ్రేకు వేయకుండా గేరులో పెట్టి చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి అని. "నువ్వు వంట సంగతి జూస్కో" అన్నాడు గిడియోన్. అందరూ నవ్వారు. అత్తగారు ఎలీషమ్మ కూడా నవ్వింది.

"కడిగింది నువ్వే గదా. నీళ్లు లోపటికి కొట్టినవ్, తుప్పు పట్టింది," అన్నాడు ఇప్పుడు.

ఝాన్సీ గిన్నె మీద మూత పెట్టి, చేతులు కడుక్కుని, చెప్పులేసుకుంది.

తూంకుంట చర్చి వెనక రేకుల షెడ్డులో ఉంది బండి. మెట్ల మీద ఆడవాళ్లు సంచులతో కూర్చున్నారు. సాగనంపడానికి వచ్చిన ఎలీషమ్మ కుర్చీ వేయించుకుని కూర్చుని ఉంది.

"వదినా, పోతలేమా?" అంది రెబెక్కా.

"పోతున్నం. జర ఆగున్రి."

ఝాన్సీ వాళ్ల బాపు కుత్బుల్లాపూర్ కంపెనీలకు కార్మికులను చేరవేసే వ్యాను నడిపేవాడు. పెళ్లికి ముందే ఆ వ్యాను మీదే ఆమె డ్రైవింగ్ నేర్చుకుంది, లైసెన్సు తీసుకుంది. పెళ్లయ్యాక ఒకసారి స్టీరింగ్ ముందు కూర్చోబోతే మామగారు "సువార్త బండి ఆడమనిషి నడిపితే ఊళ్లల్ల ఏమనుకుంటరు బిడ్డ" అన్నారు. మెత్తగానే అన్నారు. లైసెన్సును మాత్రం ఆమె ఎవరికీ చెప్పకుండా రెన్యూవల్ చేయించుకుంటూ వచ్చింది. ఎందుకని తనను తాను ఎప్పుడూ అడగలేదు.

గిడియోన్ కటింగ్ ప్లయర్ తీశాడు. "బ్రేకు కేబుల్ కోసేస్త."

"కోయకున్రి. ముందుగాల సూడనియ్యండి."

ముందు చక్రాలకు అటూ ఇటూ రాళ్లు పెట్టింది. హ్యాండ్ బ్రేకు పూర్తిగా కిందికి దించి, చీర కొంగు దోపుకుని బండి కిందికి దూరింది. బ్రేకు దించినా కేబుల్ బిగుసుకునే ఉంటే లోపం కేబుల్‌ది. వదులుగా ఉంటే, చక్రాన్ని ఒత్తి ఆపే బ్రేకు షూలు తుప్పుతో చక్రం లోపలి డ్రమ్ముకు అంటుకుపోయినట్టు. చేత్తో లాగి చూసింది. రెండు వైపులా వదులుగానే ఉంది.

డ్రమ్ము అంచుకు కట్టెముక్క ఆనించి సుత్తితో చుట్టూ కొట్టింది. ఎర్రటి తుప్పు ముఖం మీద రాలింది. తర్వాత రాళ్లు తీయించి, స్టీరింగ్ ముందు కూర్చుని, క్లచ్ మీద కాస్త ముందుకీ కాస్త వెనక్కీ ఊపింది. ఎడమ చక్రం టక్కున విడిపోయింది. కుడిది కదల్లేదు. మళ్లీ ఊపితే ఇంజన్ ఆగిపోయింది.

"జెప్పిన గదా," అన్నాడు గిడియోన్.

ఝాన్సీకి ఏడుపొచ్చింది. దిగి ఊరుకుందామా అనిపించింది ఒక్క క్షణం. మెట్ల మీద మాత్రం ఇంటికి పోదామని ఒక్కరూ సంచి ఎత్తలేదు. మళ్లీ రాళ్లు పెట్టించి కిందికి దూరింది. కుడి చక్రం వెనక రేకుకు చిన్న రబ్బరు మూత కనబడింది. అది పీకి, స్క్రూడ్రైవరు లోపలికి పెట్టి, షూలను బిగించే పళ్లచక్రాన్ని కొంచెం కొంచెంగా వెనక్కి తిప్పింది. మళ్లీ సుత్తి పట్టింది. రాళ్లు తీయించి, మళ్లీ బండెక్కి రివర్సు గేరు వేసింది.

బండి ఒక్క ఊపు ఊగి, షెడ్డులోంచి వెనక్కి జారింది.

"కదిలింది," అంది రెబెక్కా, తనలో తను చెప్పుకున్నట్టు.

ఝాన్సీ తను వదులు చేసిన పళ్లచక్రాన్ని మళ్లీ సరిగ్గా బిగించింది. ఆవరణ చుట్టూ నాలుగు రౌండ్లు తిప్పుతూ మెల్లగా బ్రేకు నొక్కి తుప్పు రాల్చింది. దిగి డ్రమ్ముల దగ్గర అరచెయ్యి పెట్టి చూసింది. వేడెక్కలేదు. గట్టిగా నొక్కితే బండి ఎక్కడికక్కడ ఆగింది.

గిడియోన్ వచ్చి చెయ్యి చాపాడు. "మస్తు జేసినవ్. తాళం తే, నేను నడుపుత. మీరందరు ఎనుక ఎక్కున్రి."

ఆడవాళ్లు అలవాటుగా సంచులెత్తుకుని వెనక తలుపు వైపు నడిచారు. ఝాన్సీ చెయ్యి కూడా అలవాటుగానే తాళం మీదికి పోయింది. అక్కడే ఆగింది.

"ఇయ్య," అంది. "నేనే నడుపుత. మీరు రేపు సాయంత్రం దాక ఇంట్ల ఉండున్రి."

గిడియోన్ మొహం ఎర్రబడింది. కోపం కంటే కంగారే ఎక్కువగా ఉంది అందులో. "మరి అమ్మకు అన్నం ఎవలు పెడ్తరు?" అని తల్లి కుర్చీ వైపు చూశాడు.

కుర్చీ ఖాళీగా ఉంది. ఎలీషమ్మ చేతిసంచితో బండికి అటువైపు వచ్చి, డ్రైవరు పక్క సీటు తలుపు పట్టుకుని నిలబడింది.

"తలుపు తియ్యి బిడ్డ," అంది కోడలితో. "మీ మామ గీ బండి తెచ్చిన కాన్నుంచి నేను ఎనుకనే వండుకుంట కూసున్న. ముందట కూసుంటే రోడ్డు ఎట్ల కనవడ్తదో నాకు ఎరుకలేదు."