ఒకే నంబర్, రెండు మిషన్లు

సూర్యాపేటలో సుధాకర్‌కు వరికోత మిషన్లు ఉన్నాయి. కొన్నాళ్లు వాటి బుకింగులన్నీ ఫోన్ మీదే నడిపాడు. తర్వాత భార్య అరుంధతి తమ్ముడు వంశీ బీటెక్ పూర్తి చేసి ఇంట్లో ఖాళీగా కనిపించడంతో, బుకింగులకు ఒక సాఫ్ట్‌వేర్ రాయమన్నాడు. వంశీ రాశాడు. రైతు పేరు, ఊరు, ఎన్ని ఎకరాలు అన్నది కొట్టి సేవ్ నొక్కితే ఆ బుకింగుకు ఒక నంబర్ వచ్చేది. ఆ నంబర్ ఇటు రైతు ఫోనుకు, అటు మిషన్ డ్రైవర్ ఫోనుకు వెళ్లేది. డ్రైవర్ దాన్ని తెరిస్తే పొలానికి దారి కనిపించేది.

ఒక వానాకాలం కోతలన్నీ సూర్యాపేట కౌంటర్ మీద దాంతోనే నడిచాయి. ఒక్క పొరపాటు కూడా జరగలేదు. ఆ ధైర్యంతో సుధాకర్ కోదాడలో ఒక కౌంటర్, మిర్యాలగూడలో ఒక కౌంటర్ తెరిచాడు. కోదాడలో గీతను, మిర్యాలగూడలో గోపిని కూర్చోబెట్టాడు.

యాసంగి కోతలు ఊపందుకున్న రోజుల్లో, నిడమనూరు దగ్గర సైదయ్య పొలానికి రెండు మిషన్లు వచ్చాయి.

సైదయ్య బుక్ చేసింది ఒకటే. రెండో డ్రైవర్ తన ఫోన్ చూపించాడు. నంబర్ అదే, నాలుగు వందల పదమూడు. పొలమూ అదే. డ్రైవర్లిద్దరూ గట్టు మీద నిలబడి కాసేపు వాదించుకున్నారు. సైదయ్య అంతా విని, "ఒకలు ఆ మూల నుంచి రాండ్రి, ఒకలు ఈ మూల నుంచి రాండ్రి" అన్నాడు. మధ్యాహ్నానికల్లా కోత అయిపోయింది. ఇద్దరికీ అన్నం పెట్టించాడు. సాయంత్రానికి, సుధాకర్ కంపెనీ పొలానికి రెండు మిషన్లు పంపిస్తోందన్న మాట ఊరంతా పాకింది. మర్నాడు మిర్యాలగూడ కౌంటర్‌కు వచ్చిన రైతులు తమకూ రెండేసి కావాలన్నారు. గోపి అలాంటిదేమీ లేదన్నాడు. వాళ్లు నమ్మలేదు.

సైదయ్య పొలానికి రెండు మిషన్లు వచ్చిన రోజే, హుజూర్‌నగర్ దగ్గర జోసెఫ్ పొలానికి ఒక్కటీ రాలేదు.

జోసెఫ్ కొన్ని ఎకరాలు కౌలుకు తీసుకుని సాగు చేస్తాడు. బుకింగ్ అయినట్టు మెసేజ్ రావడంతో వడ్లు తోలడానికి ట్రాక్టర్ మాట్లాడుకుని, పరదాలు తెచ్చి, భార్య కృపతో కలిసి పొలం దగ్గర నిలబడ్డాడు. కోదాడకు ఫోన్ చేస్తే గీత సూర్యాపేటకు ఫోన్ చేసి కనుక్కుంది. డ్రైవర్ పొద్దున్నే బయల్దేరాడన్నారు. ఆమె ఆ మాటే జోసెఫ్‌కు చెప్పింది. మర్నాడు కూడా మిషన్ రాలేదు. సాయంత్రం గాలివాన వచ్చింది. వరి నేలకొరిగి నీళ్లలో పడింది. తర్వాత బురదలో నడిచే చైన్ మిషన్ ఎవరినో బతిమాలి తెచ్చుకుని, దొరికిన కాడికి కోయించుకున్నాడు.

అప్పుడు కోదాడ కౌంటర్‌కు వచ్చాడు. గొంతు పెంచలేదు. ఫోన్ బల్ల మీద పెట్టి, "బుకింగ్ అయిందని మెసేజ్ వచ్చిందమ్మా. మిషన్ రాలే. నేనేం తప్పు జేసిన్నో జెప్పు" అన్నాడు.

మెసేజ్‌లో నాలుగు వందల పదమూడు అని ఉంది. గీత ఆ నంబర్ కొట్టి చూసింది. కంప్యూటర్ సైదయ్య, నిడమనూరు అని చూపించింది.

సుధాకర్ సూర్యాపేట నుంచి వచ్చి కౌంటర్ ముందు రైతులు నిలబడి ఉండగానే తీర్పు చెప్పాడు. "కంప్యూటర్ తప్పు చెయ్యదు. కొట్టేటోళ్లు తప్పు కొడ్తరు. అమ్మా గీతా, రేపటి సంది నువ్వు రాకు."

గీత టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్లిపోయింది. ఆ సీట్లో వంశీ కూర్చున్నాడు.

వంశీ కూర్చున్న వారంలోనే వాడపల్లి దగ్గర ఇంకో పొలానికి రెండు మిషన్లు వెళ్లాయి. కోదాడ అవతల ఇంకో రైతు మెసేజ్ వచ్చినా మిషన్ రాక ఎదురుచూశాడు. గీత పోయేముందు కంప్యూటర్‌లో ఏదో చేసి ఉంటుందని వంశీ అన్నాడు. సుధాకర్ అది కూడా నమ్మేవాడే గానీ, అరుంధతి ఒప్పుకోలేదు.

"వాడు నా తమ్ముడే. వాడు రాసింది వాణ్నే సూడుమంటే ఏం సూస్తడు? బయటోళ్లను పిలువు" అంది.

అలా పూర్ణిమ వచ్చింది. ఆమె సూర్యాపేటలో డిగ్రీ పిల్లలకు కంప్యూటర్స్ చెబుతుంది. సాయంత్రం కోదాడ నుంచి వచ్చిన వంశీ పక్కన కుర్చీ వేసుకుని, అతను రాసిందంతా మొదటి నుంచి చదివింది. ఒకచోట ఆగింది.

"సేవ్ చేసినంక ఆ బుకింగ్ నంబర్ ఎంతో ఎట్ల తెలుసుకుంటున్నవ్?"

"అన్నిట్ల పెద్ద నంబర్ ఏదని అడుగుత మేడం. నంబర్లు డేటాబేసే వరుసగ ఇస్తది. ఇప్పుడే చేర్చినం గద, మనదే పెద్దదుంటది."

"నువ్వు చేర్చినంక, అడిగేలోపల ఇంకొకరు చేరిస్తే?"

వంశీ నవ్వాడు. "ఆ రెండిటి నడుమ రెప్పపాటు టైం కూడ ఉండది మేడం. అంతలో ఎవరు చేరుస్తరు?"

"కోతల టైంల అందరూ చేరుస్తరు."

సుధాకర్‌కు అర్థం కాలేదు. పూర్ణిమ అతని వైపు తిరిగింది. "దవాఖానల ఓపీ చీటీ తీసుకుంటం గద అన్నా. నంబర్ మన చేతుల్నే ఉంటది. అది సూడకుండ కౌంటర్ కాడికి పోయి, ఆఖరు నంబర్ ఎంత అని అడిగినమనుకో. మన ఎనక ఇంకొకాయన తీసుకుని ఉంటే ఆయన నంబర్ చెప్తరు. మనం ఆ నంబర్ పట్టుకుని డాక్టర్ కాడికి పోతం."

"ఆయన కూడ పోతడు" అన్నాడు సుధాకర్.

"ఇద్దరూ పోతరు. మన అసలు నంబర్ పిలిస్తే ఎవ్వరూ లేవరు."

"కండ్ల ముందట సూపియ్యి" అన్నాడు సుధాకర్.

చూపించాలంటే రెండు కౌంటర్లూ కావాలి. మర్నాడు అందరూ కోదాడ వెళ్లారు. నిందపడ్డ మనిషి చేతే నొక్కించాలని పూర్ణిమ పట్టుబట్టడంతో గీతకు కబురు పెట్టారు. చూసి వెళ్లిపోతానని చెప్పి వచ్చింది. డ్రైవర్లకు మెసేజ్‌లు పోకుండా పూర్ణిమ సాఫ్ట్‌వేర్‌కు వేరే కాపీ పెట్టింది. మిర్యాలగూడ నుంచి గోపి ఫోన్ స్పీకర్లో ఉన్నాడు.

"ఒకటి, రెండు, మూడు" అంది పూర్ణిమ. ఇద్దరూ నొక్కారు. నంబర్లు వేరువేరుగా వచ్చాయి. మళ్లీ నొక్కారు. మళ్లీ వేరుగానే వచ్చాయి. అలా చాలాసార్లయింది. వంశీ ముఖం తేటపడింది.

"మేడం, మూడు అన్నప్పుడు నొక్కాల్నా, అన్నంక నొక్కాల్నా?" అని గోపి అడిగాడు.

అన్నప్పుడే అని తేల్చారు. మళ్లీ నొక్కారు.

"నాకు ఎనభై ఏడు" అన్నాడు గోపి.

గీత స్క్రీన్ వైపు చూసింది. ఇంకోసారి చూసింది. "ఇక్కడ కూడా ఎనభై ఏడేనండి."

అందరూ స్క్రీన్ మీదికి వంగారు. "నాకేం ఇనబడ్తలేదు, లైన్‌లో ఉన్నరా?" అని గోపి అడిగాడు.

"మరి ఎనభై ఆరు ఎవరిది?" అన్నాడు సుధాకర్.

"గీత కొట్టిన రైతుది" అంది పూర్ణిమ. "లోపల పేరు భద్రంగనే ఉంది. ఆ నంబర్ మాత్రం ఎవరికీ పోలే."

వంశీ లేచి కంప్యూటర్ దగ్గరికి వచ్చాడు. ఎనభై ఆరు తెరిచి చూశాడు. చాలాసేపు చూశాడు. "ఎట్ల అడగాలె మేడం మరి?"

"తర్వాత అడగొద్దు. చేర్చమని చెప్పేటప్పుడే, ఆ మాటల్నే, నువ్విచ్చిన నంబర్ ఎంతో చెప్పు అని అడగాలె. అప్పుడు నువ్వు చేర్చిన దాని నంబరే చెప్తది. పక్కోడు ఎన్ని చేర్చినా దానికి సంబంధం లేదు."

"అట్ల అడగొచ్చని నాకు తెల్వదు."

"ఒక్కటే కౌంటర్ ఉన్నన్ని రోజులు తెల్వకున్న నడుస్తది" అంది పూర్ణిమ.

వంశీ మార్చింది ఒక్క వాక్యం. తర్వాత గీత, గోపి వేళ్లు నొప్పి పుట్టేదాకా నొక్కారు. ఒక్కసారి కూడా ఒకే నంబర్ రాలేదు.

గీత లేచి చెప్పులు వేసుకుంది. సుధాకర్ గొంతు సవరించుకున్నాడు. "రేపటి సంది రా అమ్మా. సిస్టమ్ల తప్పుంది."

"అది నాకు చెబితే ఏం లాభమండి? నేను తప్పు కొట్టానని మీరు రైతుల ముందు అన్నారు. ఇది కూడా వాళ్ల ముందే చెప్పండి. ముందు జోసెఫ్ గారికి చెప్పండి."

సుధాకర్, వంశీ ఆ సాయంత్రమే వెళ్లారు. జోసెఫ్ రోడ్డు పక్కన తడిసిన వడ్లు ఆరబోసి, కాలితో చాళ్లు తీస్తున్నాడు. కొన్ని గింజలు మొలకలెత్తాయి. వంశీ జరిగింది చెప్పాడు. మొదట అర్థం కాకుండా చెప్పాడు. తర్వాత పూర్ణిమ చెప్పిన ఓపీ చీటీ మాట చెప్పాడు.

"అయితే నా నంబర్ ఏది?" అన్నాడు జోసెఫ్.

"నాలుగు వందల పన్నెండు."

"అది ఎవరికి పంపిన్రు?"

"ఎవ్వరికీ పంపలే" అన్నాడు వంశీ. ఆ మాట అనేసరికి అతనికి తల ఎత్తబుద్ధి కాలేదు.

జోసెఫ్ చాలు చివరిదాకా నడిచి, తిరిగి వచ్చాడు. "మీ డ్రైవర్ పొద్దున్నే బయల్దేరిండన్నరు. నేను పొలం కాడనే నిలబడి ఉన్న" అన్నాడు. వానాకాలం కోత తాము చేసిపెడతామని సుధాకర్ అంటే, "అప్పుడు సూద్దాం" అన్నాడు. వంశీ ప్యాంటు మడిచి, ఇంకో పక్క నుంచి వడ్లు తిరగెయ్యడం మొదలుపెట్టాడు. జోసెఫ్ వద్దనలేదు.

మర్నాడు కోదాడ కౌంటర్ దగ్గర కొంతమంది రైతులు ఉన్నారు. సుధాకర్ వాళ్ల ముందు నిలబడి, తప్పు గీతది కాదని, సాఫ్ట్‌వేర్‌దని, అది తన బామ్మర్ది రాశాడని, తెలుసుకోకుండా ఆ అమ్మాయిని తానే పొమ్మన్నానని చెప్పాడు. చెప్పడానికి కష్టపడ్డాడు. రైతులు శ్రద్ధగా విన్నారు.

"అదంతా మంచిదే గాని సారూ, రేపు మిషన్ వస్తదా?" అన్నాడు ముందున్న పెద్దాయన.

సుధాకర్ గీత వైపు చూశాడు. గీత కుర్చీ ముందుకు లాక్కుంది.

"ఊరి పేరు చెప్పండి" అంది.