వడగళ్ల పిల్ల గొంతు

శనివారం పొద్దున పదయ్యేసరికి మార్కుల మేడం ఒళ్లో నోట్‌బుక్కు పెట్టుకుని టీవీ ముందు కూర్చునేది. కార్టూన్ల మీద వారం వారం పత్రికలో సమీక్ష రాసి, చివర పదికిన్ని అని మార్కులు వేస్తుంది కాబట్టి ఆఫీసులో ఆమెకు ఆ పేరు స్థిరపడిపోయింది. ఇప్పుడు నడుస్తున్నది ‘వడగళ్ల పిల్ల’. ఆకాశంలోంచి వడగళ్లు రప్పించి దుర్మార్గుల పని పట్టే అమ్మాయి కథ.

“వెనకాల అదే మేడ మూడోసారి. పోరాటం ఏడు నిమిషాలు, సాగదీత” అని ఆమె రాసుకుంటుంటే, పక్కన అమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ చూసేది.

ఎపిసోడ్ అయిపోగానే వడగళ్ల పిల్ల టీవీలోంచి దిగి వాళ్లిద్దరి మధ్య కూర్చునేది. జుట్టులోంచి వడగళ్లు రాలుతుంటే అమ్మ చీపురుతో ఓ మూలకి ఊడ్చేది.

“ఈ వారం ఎలా చేశాను?” అనడిగేది పిల్ల.

“మొదటి సగం బాగుంది. ఆఖర్న తొందరపడ్డావు.”

“అది నా తప్పు కాదు, బొమ్మలేసేవాళ్లది” అని నవ్వేది.

అమ్మ ఆ నవ్వు కోసమే కూరగాయల పని ఆ వేళకి పెట్టుకునేది. ఆ నవ్వూ ఆ గొంతూ ఆమె చిన్నకూతురివి.

వడగళ్ల పిల్లకి డబ్బింగ్ చెప్పేది మేడం చెల్లెలే. రెండేళ్ల కిందట, మొదటి ఎపిసోడ్‌కి “గొంతులో పస లేదు” అని రాసింది అక్క. సొంత చెల్లెలు కాబట్టి మార్కులు పెంచిందంటారేమోనని, రెండు తగ్గించి మరీ వేసింది. చెల్లెలు ఆ రోజు నుంచి అక్కతో మాట్లాడలేదు. అమ్మతో ఫోన్లో మాట్లాడేది గానీ, ఈ నెలంతా మెసేజీలే. గొంతుకి విశ్రాంతి ఇస్తున్నానంది.

ఆ శనివారం పిల్ల ఎప్పటిలాగే దిగి వచ్చింది. నోరు తెరిచింది. మాట రాలేదు. మెడ మీద చెయ్యేసుకుని మళ్లీ ప్రయత్నించింది. పెదాలు కదిలాయంతే.

అమ్మ పళ్లెం కింద పెట్టింది. “పెద్దదానా, చిన్నదాని గొంతుకేదో అయిందే.”

“టీవీలో బాగానే ఉందిగా.”

“టీవీలోది ఎప్పుడో రికార్డు చేసింది. ఇది ఇవాళ్టిది.”

మేడం చెప్పులేసుకుంది. రెండు బస్సులు మారి, మూడంతస్తులెక్కి చెల్లెలి తలుపు కొట్టింది. మెడకి మఫ్లర్ చుట్టుకుని చెల్లెలు తలుపు తీసింది. చూసి, మాట్లాడకుండా లోపలికెళ్లి ఓ కవరు వెనకాల రాసి చూపించింది: ‘ఏం తప్పు పట్టడానికొచ్చావ్?’

“ఏం లేదే. నిన్ను చూడ్డానికి.”

బల్ల మీద ఆసుపత్రి కాగితాలున్నాయి. గొంతులో గడ్డ. సోమవారం ఆపరేషన్. ఆలస్యమైతే గొంతు దక్కదని డాక్టరు రాసింది. దగ్గరివాళ్లు సంతకం చెయ్యాల్సిన చోటు ఖాళీగా ఉంది.

“ఎవరు పెడతారు సంతకం?”

చెల్లెలు రాసింది: ‘ఎవర్నీ అడగలేదు. వాయిదా వేసుకుంటా. సీరియల్ అయ్యాక చూద్దాం.’

మేడం కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. “నీ గొంతు బాగుందని నాకు మొదటిరోజే తెలుసు. నలుగురూ ఏమంటారోనని అబద్ధం రాశాను. నా పరువు కోసం నిన్ను తక్కువ చేశాను. తప్పు నాది.”

చెల్లెలు కాగితం ఇటు తిప్పి, పెన్ను అక్క చేతిలో పెట్టింది.

సోమవారం ఆపరేషన్ జరిగింది. మూడు వారాలు నోరు మెదపొద్దన్నారు. అన్నాళ్లూ అక్కచెల్లెళ్లు అమ్మ దగ్గర ఒకే గదిలో పడుకున్నారు, ఒకరి చెయ్యి ఒకరు గిల్లుకుంటూ, కాగితాల మీద రాసుకుంటూ చిన్నప్పట్లాగే కబుర్లు చెప్పుకున్నారు. ఇరవైరెండో రోజు పొద్దున మేడం ఇంకా లేవకముందే, పక్క మంచం మీంచి ఓ గొంతు వినిపించింది. కాస్త బొంగురుగా, కొత్తగా ఉంది.

“అక్కా, ఆకలేస్తోంది.”

వంటింట్లో అమ్మ చేతిలోని గరిటె కింద పడింది.